చిక్కిపోయావు, ఒళ్లు చేశావు: బరువు మారినప్పుడు మన దేహాన్ని మనం చూసుకునే తీరు

చదువవలసిన వాక్యభాగాలు: సంఖ్యాకాండము 13:25-33, యెహోషువ 2:8-11, యోబు 16:1-8, మత్తయి 11:16-19



ఆదివారం ఆరాధన అయ్యాక ఇక్కడ బ్రాంప్టన్‌లో ఏ తెలుగు సహవాసంలోనైనా భోజనాల వరుసలో రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. "ఏంటమ్మా, ఇంత చిక్కిపోయావు?" అనేది ఒకటి. "వచ్చినప్పటికీ ఇప్పటికీ బాగా ఒళ్లు చేశావయ్యా" అనేది రెండోది. అన్నవారి మనసులో చెడు ఉండదు. పలకరింపుగా అంటారు, బిర్యానీ వడ్డించుకొని వెళ్లిపోతారు. విన్నవారు మాత్రం ఆ మాటను ఇంటికి తీసుకువెళ్తారు. బరువు ఎలా తగ్గాలో చెప్పడానికి ఈ పాఠం రాయడం లేదు. దానికి డాక్టర్లున్నారు, అడగకపోయినా చెప్పే యూట్యూబ్ ఉంది. బరువు మారినప్పుడు మన దేహం మనకు ఎలా కనబడుతుంది, అది నిజమేనా, దాన్ని గూర్చి లేఖనాలు ఏమంటున్నాయి అనేదే ఈ నెల మన ధ్యానం.

ముందుగా సంఖ్యాకాండము 13వ అధ్యాయం. పన్నెండుమంది వేగులవారు కనానును చూచి వచ్చారు. ద్రాక్షగెల చూపించారు, ఆ తర్వాత భయం చూపించారు. 33వ వచనంలో వారు చెప్పిన వరుస గమనించండి. మొదట తమ కళ్లకు తామే మిడతల్లా కనబడ్డారు. ఆ దేశస్థుల కళ్లకు కూడా అలాగే కనబడ్డామని ఆ తర్వాత చెప్పారు. ఈ రెండో సంగతి వారికి ఎలా తెలిసింది? అనాకీయులను ఎవరైనా అడిగారా? అడిగినట్టు అధ్యాయంలో ఎక్కడా లేదు. తమ లోపల ఉన్న కొలతను ఎదుటివారి కళ్లల్లో పెట్టి, అది వారి అభిప్రాయమని నమ్మారు.

దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఆ దేశస్థురాలే ఒకామె నోరు విప్పింది. యెహోషువ 2వ అధ్యాయంలో రాహాబు చెప్పిన మాటల సారం ఏమిటంటే, ఇశ్రాయేలీయుల సంగతి విన్ననాటి నుండి అక్కడివారి గుండెలు కరిగిపోయాయి. ఆమెది యెరికో, అనాకీయుల ఊరు హెబ్రోను కాదు, నిజమే. అయినా ఆ దేశ నివాసులందరి గురించీ ఆమె మాట్లాడింది. వీళ్లు తమను మిడతలనుకుంటున్న కాలంలోనే వాళ్లు వీళ్ల పేరు విని వణికారన్నమాట. వేగులవారి కళ్లకు జబ్బేమీ లేదు. కోటలను సరిగ్గానే చూశారు, మనుషుల ఎత్తూ చూశారు. తప్పిన లెక్క ఒక్కటే, తమ దేహాల లెక్క.

ఈ లెక్క మనకూ తప్పుతుంది. అది విశ్వాసం తక్కువై మాత్రమే కాదు, మనం నిర్మింపబడిన తీరు వల్ల కూడా. మన మెదడులో మన దేహానికి ఒక పటం ఉంది. 1937లో మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్, ఎడ్విన్ బోల్‌డ్రీ అనే వైద్యులు, మెలకువగా ఉన్న రోగుల మెదడు పైపొరను సన్నని విద్యుత్తుతో తాకి, ఏ చోటు తాకితే ఏ అవయవంలో స్పర్శ తెలుస్తుందో గుర్తించి ప్రచురించారు. ఆ పటంలో పెదవులకూ చేతివేళ్లకూ చాలా పెద్ద చోటుంది, నడుముకూ వీపుకూ చాలా చిన్న చోటు. అద్దంలో ఉండే మనిషికీ మెదడులో ఉండే మనిషికీ పోలిక అంతంతమాత్రమే. దేహం ఎంత చోటు ఆక్రమిస్తుందో మనకు తెలిసేది కళ్లతో మాత్రమే కాదు. స్పర్శ, కదలిక, పాత అలవాటు, జ్ఞాపకం, నలుగురూ అన్న మాటలు, ఇవన్నీ కలిసి ఆ బొమ్మను గీస్తాయి. దేహం ఆరు నెలల్లో మారవచ్చు. బొమ్మ అంత తొందరగా మారదు.

అందుకే బాగా బరువు తగ్గినవారిలో కొందరు ఒక వింత సంగతి చెబుతారు. రెండు కుర్చీల మధ్య చోటు సరిపోదేమోనని ఇంకా పక్కకు తిరిగి నడుస్తారు. బ్రామలీ సిటీ సెంటర్‌లో చొక్కా కొనబోయి, చెయ్యి దానంతటదే పాత సైజు దగ్గరికి వెళ్తుంది. ఫోటోలో తమను తాము గుర్తుపట్టక ఒక్క క్షణం ఆగిపోతారు. పరిశోధకులు దీన్ని ఫాంటమ్ ఫ్యాట్ అన్నారు, అంటే లేకపోయినా ఉన్నట్టే అనిపించే కొవ్వు. ఇండియా నుండి వచ్చేటప్పుడు మనం లాగిన ఒక సూట్‌కేసు 23 కేజీలు. అంత బరువు ఒంటిమీదనుండి దిగిపోయాక కూడా దాన్ని మోస్తున్నట్టే నడిచేవారున్నారు. మధుమేహానికో బరువుకో ఓజెంపిక్ లాంటి ఇంజెక్షన్లు వాడేవారు మన సంఘాల్లోనూ పెరుగుతున్నారు గనుక ఇది ముందే తెలిసి ఉండటం మంచిది. కాటాలో అంకె తగ్గింది, లోపల సంతోషం రాలేదు అని ఎవరైనా చెబితే, "కృతజ్ఞత లేదు" అని వెంటనే గద్దించకండి.

దీనికి తలకిందులైన పొరపాటు ఇంకా ఎక్కువగా కనబడుతుంది. కొత్తగా వచ్చిన సహోదరుడికి వేర్‌హౌస్‌లో రాత్రి షిఫ్టు, లేదా ట్రక్కు సీటులో పదేసి గంటలు. తిండికి వేళ లేదు, చలికి టిమ్ హోర్టన్స్ డబుల్ డబుల్ తోడు. నవంబరు నుండి మార్చి దాకా లావుపాటి కోటు లోపల ఎవరు ఎంత ఉన్నారో వారికే తెలియదు. రోజూ చూసుకునే అద్దం నెలకు అరకేజీ చొప్పున పెరిగినదాన్ని పట్టించి చెప్పదు, నిన్నటిదానికీ నేటిదానికీ తేడా ఉండదు గనుక. మూడేళ్ల తర్వాత సామర్లకోటలోనో ఖమ్మంలోనో విమానం దిగి వెళ్లిన అబ్బాయిని చూచి అమ్మ ఒక్క చూపులో చెప్పేస్తుంది.

మన దక్షిణాసియా వారి విషయంలో కంటిని నమ్మడం మరీ కష్టం. పూణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫోటోనే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్ దేహంలో 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారిలో 21.2 శాతం. చూడటానికి ఇద్దరూ సన్ననివారే. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, ఆసియా ప్రజల విషయంలో 25 దాకా ఆగకుండా బీఎంఐ 23 నుండే జాగ్రత్తపడటం మంచిదని సూచించారు. అయిదడుగుల అయిదంగుళాల మనిషికి అది సుమారు 63 కేజీలు. (క్లినిక్‌లో కేజీలు, జిమ్‌లో పౌండ్లు అనే ఈ దేశపు గందరగోళం వల్ల చెబుతున్నాను, 139 పౌండ్లు.) నడుము చుట్టుకొలత దక్షిణాసియా పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 చేరితే షుగర్, గుండె పరీక్షలు వాయిదా వేయకూడదు. 2021 జనాభా లెక్కల ప్రకారం బ్రాంప్టన్‌లో సగానికి పైగా దక్షిణాసియా వారమే, కాబట్టి ఇది ఎవరో పరాయివారి సంగతి కాదు. "నేను సన్నగానే ఉన్నానుగా" అనేవారిదీ, "నేను ఎంత తగ్గినా లావే" అని ఏడ్చేవారిదీ ఒకే ఇబ్బంది. ఇద్దరూ కంటిని సాక్షిగా పెట్టుకున్నారు.

మరి ఒళ్లు చేస్తే మన పెద్దలు ఎందుకు అంత సంతోషిస్తారు? దీన్ని ఎగతాళి చేసే ముందు మన సంఘాల చరిత్ర గుర్తు తెచ్చుకోవాలి. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చిన వారికి కూలి పని ఇచ్చారు. అన్నం కోసం విశ్వాసులయ్యారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపారు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనలో ఎంతోమంది ముత్తాతల తల్లిదండ్రులు ఆ తరంవారే. ఎముకలు కనబడే దేహాలు పాతిపెట్టినవారి నోట "ఒళ్లు చేశావు" అంటే, బ్రతికి ఉన్నావు, దేవునికి స్తోత్రం అని అర్థం. ఆ మాట మన అమ్మమ్మల దాకా అదే అర్థంతో నడిచి వచ్చింది. ఇక్కడ పుట్టిన పదిహేనేళ్ల అమ్మాయి చెవికి అది అలా వినబడదు. రోజంతా ఫోనులో సన్నని దేహాలే చూచిన కంటికి మామూలు దేహం కూడా లావుగా తోస్తుంది. ఇది పరిశోధనల్లో తేలిన సంగతి, కొద్ది నిమిషాలు చూచినా చాలు. అమ్మమ్మ దీవించింది, మనవరాలు రాత్రి భోజనం మానేసింది. ఇద్దరిలో ఎవరిది తప్పు అంటే నేను చెప్పలేను.

ఇక యోబు. 16:8లో యోబు చేసిన ఫిర్యాదు చాలామంది దాటిపోతారు. తన ముడతలు పడిన, చిక్కిపోయిన దేహమే తనమీద సాక్ష్యం చెబుతోందని ఆయన వాపోయాడు. స్నేహితులు ఆ దేహాన్ని చూచి తీర్పు చదివేశారు కదా. ఇంత క్షీణించాడంటే ఏదో దాచాడనుకున్నారు. 109వ కీర్తనలో కూడా, 24, 25 వచనాలు కలిపి చదివితే, ఉపవాసంతో ఒంటిలో సారం పోయినవాణ్ణి చూచి జనం తలలు ఆడించారు. మన తీర్పు రెండువైపులా నడుస్తుంది. లావైతే తిండిపోతు, ఆశానిగ్రహం లేదు. సన్నబడితే ఇంట్లో ఏదో గొడవ, లేకపోతే పెద్ద జబ్బు. మత్తయి 11:18-19లో ప్రభువు ఈ నాలుకలను పట్టుకున్నారు. యోహాను తినకపోతే దయ్యం పట్టిందన్నారు, మనుష్యకుమారుడు తింటే తిండిపోతు అన్నారు. ఆ మాట మోసినవారిలో మన రక్షకుడే ఉన్నారు.

తిండిపోతుతనాన్ని బైబిలు తేలికగా తీసుకోదు, ఒప్పుకుంటాను. కానీ ఎక్కడ గద్దిస్తుందో చూడండి. 1 సమూయేలు 4:18లో ఏలీ బరువైనవాడని ఉంది. ఆయన ఇంటిమీదికి తీర్పు వచ్చింది మాత్రం 2:29లో చెప్పిన కారణానికి, ప్రజలు దేవునికి తెచ్చిన నైవేద్యంలో శ్రేష్ఠమైనది లాక్కుని క్రొవ్వినందుకు. అక్కడ దేవుడు తూచింది దోచుకున్న మాంసాన్ని. ఇంకొకటి, "దానియేలు ఉపవాసం" పేరుతో బరువు తగ్గే పద్ధతులు అమ్ముడవుతున్నాయి. దానియేలు 1:15 మూలభాషలో చూడండి, పది దినాల శాకధాన్యాల తర్వాత ఆ నలుగురూ తక్కినవారికంటే ఒంటిన కండపట్టి కనబడ్డారు! అలాగే 1 కొరింథీయులకు 6:19ని జిమ్ వచనంగా వాడుతున్నాం. దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు రాసింది జారత్వాన్ని గూర్చి. ఆరోగ్యానికి అన్వయించుకోవడం తప్పు కాదు, కానీ లావుగా ఉన్న సహోదరిమీద విసరడానికి ఆ వచనాన్ని పౌలు రాయలేదు.

2020లో కెనడియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో పెద్దల స్థూలకాయం గురించి కొత్త మార్గదర్శకాలు వచ్చాయి. అందులో డాక్టరు చేయవలసిన మొదటి పని ఏమిటో తెలుసా? బరువు గురించి మాట్లాడటానికి రోగిని అనుమతి అడగడం. చదువుకొని, వైద్యం చేయడానికే కూర్చున్న మనిషి అనుమతి అడగాలట. మనం పప్పుగరిట పట్టుకొని అడగకుండానే చెప్పేస్తున్నాం.

పొగడ్త కూడా జాగ్రత్తగా వాడవలసినదే. ప్రయత్నం లేకుండా తగ్గిన బరువు మధుమేహం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, క్యాన్సర్ కావచ్చు, ఎవరికీ చెప్పుకోని దిగులు కావచ్చు. "అబ్బ, ఎంత బాగా తగ్గావు, ఏం చేశావు?" అంటే ఆ మనిషి ఏమని చెప్పాలి? "ఎలా ఉన్నావమ్మా, నిద్ర పడుతోందా?" అని అడిగితే నిజం బయటికి రావడానికి చోటుంటుంది. యవ్వనస్థుల విషయంలో మరొక మాట. లెంట్ రోజుల ఉపవాసం కొందరు పిల్లలకు తినకుండా ఉండటానికి మంచి సాకు అవుతుంది. పండుగ అయిపోయాక కూడా భోజనం దాటవేస్తుంటే, తిన్న వెంటనే బాత్రూంకు వెళ్లి తలుపు వేసుకుంటుంటే, ప్రార్థన చేయండి, ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి కూడా తీసుకువెళ్లండి. టొరాంటోలో నేషనల్ ఈటింగ్ డిజార్డర్ ఇన్‌ఫర్మేషన్ సెంటర్ ఉంది. ఒంటారియోలో 811కు ఫోను చేస్తే ఏ వేళనైనా నర్సు మాట్లాడుతుంది. ఇన్సులిన్ తీసుకునే పెద్దలు డాక్టరును అడగకుండా ఉపవాసం పెట్టుకోవద్దు.

ఇంటి కూడికలలో ఈ పాఠం చదివేవారు దయచేసి ఎవరి బరువూ అడగకండి. అందుకు బదులు వేగులవారి మాటను ముందు పెట్టుకోండి. నా దేహాన్ని గూర్చి నేను నమ్ముతున్నదాంట్లో, కొలిచి తెలుసుకున్నది ఎంత, ఇతరులు అనుకుంటున్నారని నేను ఊహించుకున్నది ఎంత? చిన్నప్పుడు ఎవరో అన్న ఏ మాట ఇంకా నా అద్దంలో ఉంది? జవాబు పైకి చెప్పనవసరం లేదు, కాగితంమీద రాసుకుంటే చాలు. స్త్రీల కూడిక, పురుషుల కూడిక వేరుగా జరుపుకోవడం నా సలహా. మన మగవారు పొట్ట సంగతి నవ్వుతో దాటవేస్తారు గానీ వారికీ చెప్పుకోవలసినవి ఉన్నాయి. వచ్చే నెల పాఠం యోబు స్నేహితులను గూర్చి. 16వ అధ్యాయం మొత్తం, వీలైతే 19వ అధ్యాయం కూడా చదువుకొని రండి.