గగనసారథి

ఆదోని పత్తి మార్కెట్టు చెంత, ఎమ్మిగనూరు మగ్గాల నడుమ పెరిగే బాలలకు విమానం ఒకనాడు నింగిలో మెరిసే చుక్క మాత్రమే. 2021 మార్చిలో కర్నూలు జిల్లా ఓర్వకల్లు నుండి విమానాల రాకపోకలు ప్రారంభమై ఆ చుక్క చేరువైంది. అయితే విమానం ఎక్కడం వేరు, నడపడం వేరు.

విజయవాడలో పెరిగిన అనీ దివ్యకు విమానచోదకురాలు కావాలన్నది చిన్ననాటి కోరిక. తల్లిదండ్రులు అప్పు చేసి, పదిహేడవ ఏట ఆమెను రాయబరేలీ సమీపంలోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీకి పంపారు. అక్కడ ఆంగ్ల సంభాషణలో తడబడినా ఆమె అభ్యాసం వీడలేదు. 19వ ఏట ఎయిర్ ఇండియాలో చేరి, 2017లో 30వ ఏట బోయింగ్ 777 కెప్టెన్ అయింది. ఆ విమాన సారథులైన మహిళలలో పిన్నవయస్కురాలిగా ప్రసిద్ధి చెందింది.

మన దేశంలో కెప్టెన్ అర్హతకు కనీసం 1500 గంటల గగనయాన అనుభవం అవసరం. ఆశయం బాల్యంలో పుట్టినా, దానిని ఫలింపజేసేది ఇటువంటి దీర్ఘసాధనే.