బేస్ గిటారునకు జీరనాదము తెచ్చు విధము

మన విద్యార్థులలో బేస్ గిటారు చేపట్టువారు కొందరు కలరు. సభలో వెనుక వరుసలవారికి ఆ వాద్యము కనబడునే గాని వినబడదు. వాదకుడు నొచ్చుకొని శబ్దము హెచ్చించును. అప్పుడు గోడలు అదరును, స్వరము మాత్రము తెలియదు. దీనికి విరుగుడు 1960వ దశకమునందలి సైకెడెలిక్ రాక్ వాదకులు మెచ్చిన జీరనాదమున గలదు. దానినే ఫజ్ అందురు.

ఈ జీర మనకు క్రొత్తది కాదు. తెనాలిలో పాటకచ్చేరికి పోయి తంబుర ప్రక్కను గూర్చుండినవారు దానిని వినియే యుందురు. తంబుర గుర్రము పైభాగము కొంచెము వంపుగా నుండును. ఆ వంపునకును తంతికిని నడుమ సన్నని నూలుపోగు నుంచి, ముందునకు వెనుకకు మెల్లగా జరుపుదురు. ఒకానొక చోట తంతి తేనెటీగలవలె ఝుమ్మని మ్రోయును. ఆ పోగునకు జీవ యని పేరు. అది లేకున్నను తంతి పలుకును గాని నాదము మొద్దుబారును. బాల్యమున విశాఖపట్టణమందు చదువుకొనిన చంద్రశేఖర వేంకట రామన్ గారు 1921లో దీనినిగూర్చి వ్రాసిరి. తంతిని ఏ బిందువున మీటుదుమో, ఆ బిందువున కదలిక లేని ఉపస్వరములు పుట్టరాదని ప్రాత నియమము. తంబురయందును వీణయందును అవియు బలముగనే వినవచ్చును! తంతి వంపు గుర్రమును మాటిమాటికి తాకుటయే దీనికి కారణము.

ఇక బేస్ గిటారు. దాని అతిమంద్రపు తంతి సెకనుకు సుమారు 41 మారులు కంపించును. చిన్న స్పీకరు అంత మంద్రమును పలుకజాలదు. కాని 82, 123, 164 కంపనముల ఉపస్వరములు స్ఫుటముగా వినబడెనేని, లేని మూలస్వరమును చెవి తానే కల్పించుకొనును. విద్యుత్తరంగమును ఆంప్లిఫయరు భరింపగల మేరకు మించి పెంచినచో, శిఖరములు కోసివేసినట్లు చదునగును. ఆ కోతనుండి ఉపస్వరములు పుట్టును. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’లో గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరుతంతుల బేస్, రికార్డింగు యంత్రములోని లోపముచేత ఇట్లే బొంగురుపోయెను. ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ బొంగురునే కోరి తెచ్చు పరికరము నిర్మించెను. అది 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ అను పేర విపణికి వచ్చెను.

సాధనక్రమ మిది. గిటారు తరువాత కంప్రెసర్, దాని తరువాత ఫజ్ ఉండవలెను. కంప్రెసర్ గట్టిగా మీటిన తొలిదెబ్బను అణచి, సన్నగిల్లు శేషనాదమును పైకెత్తును. అందుచే ఫజ్‌నకు శబ్దము ఒకే మట్టమున చేరి, జీర తెగక నిలుచును. అణచుట మితిమీరినచో వ్రేలిదెబ్బ చచ్చి తాళము జారును. 4కు 1 పాళ్లు చాలునని మా అభిప్రాయము. గిటారుపైని ట్రెబుల్ కొంత తగ్గించుట మేలు.

పెక్కు ఫజ్ పెట్టెలు మంద్రభాగమును మ్రింగివేయును. జీర మిగిలి బేస్ పోయిన, అది కందిరీగ రొదయే గదా! కావున శబ్దమును రెండు పాయలుగా చీల్చి, ఒకదానిని స్వచ్ఛముగా నుంచి, రెండవదానిని మాత్రమే ఫజ్‌గుండ పంపి, తుదకు కలుపవలెను. బీటిల్స్ వారి ‘థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్’లో, 1965లో, పాల్ మెకార్ట్నీ సాధారణ బేస్‌తోపాటు ఫజ్ బేస్‌ను వేరుగా వాయించెను. మరుసటి యేట వారి ‘టుమారో నెవర్ నోస్’లో మన తంబురయే శ్రుతి పట్టినది.

ఫజ్ పెట్టినపుడు రెండు తంతులు ఒక్కమారు మీటరాదు. వాని కలయికచే పొసగని స్వరములు పుట్టి గందరగోళమగును. షడ్జపంచమములకు మాత్రము ఈ నిషేధము లేదు. వాని కంపనములు 2కు 3 పాళ్లు; భేదము 1, అనగా క్రింది స్థాయి షడ్జమే అదనముగా పలుకును. తంబురను సాధారణముగా శ్రుతిచేయునదియు ఆ రెండు స్వరములకే.