ఏటి మేటలలో దాగిన చమురు

భూగర్భమున చమురు చెరువువలె నిలిచియుండునని తలచువారు పెక్కురు. అది నిజము కాదు. ఇసుకఱాతిలోని రేణువుల సందులలో, తడియిసుకలో నీటివలె, చమురు ఇమిడియుండును. ఆ యిసుకను అచట చేర్చినవి కొన్నిచోట్ల ప్రాచీన నదులు. అట్టి చోటునుగూర్చి మేమిచట చెప్పదలచితిమి.

ముందుగా మన యూరి యేటినే చూతము. ఏఱు వంపు తిరుగుచోట వెలుపలి గట్టు కోసికొనిపోవును. లోపలి గట్టున ఇసుక మేట వేయును. వెలుపల నీటికి వడి హెచ్చు, లోపల తక్కువ. వడి తగ్గిన నీరు మోసికొనివచ్చిన ఇసుకను దించివేయును. ఇట్లు ఏటేట మేట పెరుగుచు, ఏఱు ప్రక్కకు జరుగుచుండును. ఆంగ్ల గ్రంథములు పాయింట్ బార్ అని వ్రాయునది మన పెద్దలు మేట యనునదియే. వరద తీసి నీరు మందగించినపుడు ఆ మేట వాలుపై బంకమన్ను పలుచని పొరగా పేరుకొనును. మరుసటి వరద దానిపై మరల ఇసుక పఱచును. కావున మేట ఒకే యిసుక ముద్ద కాదు, ఏటివైపునకు వాలిన పొరల దొంతర. ఏఱు విడిచిన పాత వంపు మడుగై, క్రమముగా బంకమంటితో పూడిపోవును.

కెనడా దేశపు ఆల్బర్టా రాష్ట్రమున, ఫోర్ట్ మక్‌ముర్రే పరిసరములలో, సుమారు 11, 12 కోట్ల సంవత్సరముల క్రిందట మహానదులు ఇట్లే వంపులు తిరిగి ప్రవహించినవి. వాటి మేటలలోనికి తరువాత చమురు చేరినది. సూక్ష్మజీవులు దానిలోని తేలిక భాగములను తినివేయగా, చలికి బిగిసిన తారువంటి బిట్యుమెన్ మిగిలినది. పైపైని ఉన్నదానిని ఇసుకతోకూడ త్రవ్వి తీయుదురు. లోతున ఉన్నదానికి రోజర్ బట్లర్ అను ఇంజనీరు ఉపాయము కనిపెట్టెను. అడ్డముగా సాగు రెండు బావులను సుమారు 5 మీటర్ల ఎడముతో ఒకదానిపై నొకటి త్రవ్వి, పైబావిలోనికి ఆవిరి పంపుదురు. కాగి పలుచబడిన చమురు క్రిందిబావిలోనికి జారును.

చిక్కంతయు బంకమంటి పొరలతోనే. ఇసుకలో పైకెగయు ఆవిరికి అవి అడ్డుపడును. వాటి పైనున్న చమురు కాగక నిలిచిపోవును. ఆవిరికై కాల్చిన ఇంధనము వ్యర్థమగును, దాని పొగ మాత్రము వాతావరణమున చేరును. కనుక బావికి ముందే మేట యెచ్చట, పూడిన మడుగెచ్చట అని తెలిసికొనవలెను.

దీనికై మొదట సన్నని రంధ్రములు త్రవ్వి ఱాతి కడ్డీలను పైకి తీసి పరీక్షింతురు. రంధ్రములోనికి గామా కిరణములను కొలుచు పరికరమును దింపుదురు. బంకమన్ను సాధారణముగా ఇసుకకంటె హెచ్చు కిరణములు వెలువరించును. పిదప భూమిలోనికి ప్రకంపనములు పంపి, వాటి ప్రతిధ్వనులనుండి పటము గీయుదురు. విమానమునుండి చూచిన నదివలె పాత వంపులు ఆ పటమున తోచుట మాకు మిక్కిలి ఆశ్చర్యకరముగా నున్నది! అయినను జానెడు మందమైనను లేని మంటిపొర ఆ పటమున కానరాదు. రంధ్రమున కానవచ్చినను, అది ఎంతదూరము సాగినదో ఆ రంధ్రము చెప్పజాలదు. ఇక నది స్వభావమును బట్టి ఊహింపవలసినదే. అథబాస్కా నది గట్లపై ఆ వాలుపొరలే బయటపడి, తారు పూసినట్లు నల్లగా కానవచ్చును. భూగర్భశాస్త్రజ్ఞులు అచటికి పోయి, ఒక్కొక్క మంటిపొర ఎంతదూరము తెగక సాగినదో కొలిచి చూతురు.