అల్పసంఖ్యాకుల మాట – అధికసంఖ్యాకుల బాట

పదిమంది నడిచే బాటనే లోకం నడుస్తుందని పెద్దలంటారు. ఆ బాటను మొదట వేసినవారెవరని మాత్రం మనం తరచుగా అడగము. ఈ వ్యాసంలో ‘అల్పసంఖ్యాకులు’ అన్నప్పుడు మేము మతాన్ని గాని, భాషను గాని ఉద్దేశించుట లేదు. ఒక విషయంలో పలువురికి భిన్నంగా ఆలోచించే కొద్దిమంది అని మాత్రమే మా భావము. మన కళాశాల పాఠకులకు ఈ వివరణ అవసరమని తలచినాము.

అధికసంఖ్యాకుల ప్రభావాన్ని అమెరికాలో సాలమన్ ఆష్ 1951లో నిరూపించినాడు. గీతల పొడవులు పోల్చే సులభమైన పరీక్షలో తక్కినవారంతా ముందే కూడబలుక్కొని తప్పు చెప్పగా, పరీక్షకు వచ్చినవారి సమాధానాలలో సుమారు మూడవ వంతు ఆ తప్పునే అనుసరించినవి. నిజం చెప్పే తోడు ఒక్కడు దొరికినచో ఈ లొంగుబాటు ఎంతో తగ్గినది. 1969లో ఫ్రాన్సులో సెర్జ్ మోస్కొవిసి ఈ పరీక్షను తిరగవేసినాడు. ఆరుగురిలో ఇద్దరు నీలిరంగును ఆకుపచ్చ అని చెప్పిరి. వారు చివరివరకు ఒకే మాటపై నిలిచినప్పుడు మిగిలినవారి సమాధానాలలో 8.42 శాతం అటు మొగ్గినవి. మాట మార్చుతూ వచ్చినప్పుడు 1.25 శాతమే. అంకెలు చిన్నవే గాని, వాటి నడుమ తేడా చిన్నది కాదు. పలువురికి మనం పైకి తల ఊపుతాము. కొద్దిమంది పట్టుదల మనలను లోలోపల ఆలోచింపజేస్తుంది.

మన కృష్ణాజిల్లాలోనే ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరాగారు ఇందుకు నిదర్శనం. దైవభక్తుడైన గాంధీజీ సైతం గోరాగారి కుమార్తె కులాంతర వివాహంలో దైవం పేరునకు బదులు సత్యం పేర ప్రమాణం చేయించుటకు సమ్మతించినారు. గాంధీజీ మరణానంతరం 1948లో సేవాగ్రామంలో ఆ వివాహం జరిగినది.

చల్లపల్లి అనగానే జమీందారీ కోట, భూపోరాటాలు స్ఫురిస్తాయి. మేము చెప్పదలచినది చీపురు సంగతి. 2014 నవంబరు 12 నుండి డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులతో కూడి కొందరు కార్యకర్తలు ‘స్వచ్ఛ చల్లపల్లి’ పేర తెల్లవారుజామునే వీధులలోకి వచ్చి చెత్త ఎత్తసాగిరి. వారికి జరిమానా వేసే అధికారం లేదు, శాసించే పదవి లేదు. ఎన్నాళ్ళులే అనుకొనుట లోకసహజం. ఆ పని వేయి దినాలు దాటినది. ఏడాదికొకనాడు చీపురు పట్టి ఛాయాచిత్రం తీయించుకొనే మా బోటి విద్యార్థి సంఘాల సేవ, మోస్కొవిసి లెక్కలో 1.25 శాతం వైపుది.

అయితే కొద్దిమంది ఎల్లకాలం ఊరంతా ఊడ్వలేరు. అలవాటు నిలుపుటకు అధికసంఖ్యాకుల బలమే కావలెను. శుభ్రమైన వీధిలో చెత్త విసరబోయిన చేయి పక్కవాని చూపునకు ఆగుతుంది. అటుపై జనం ఇది మనకు మొదటినుండీ ఉన్న పద్ధతేననుకొంటారు. నేటి విద్యార్థికి వితంతు వివాహం వింత కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో అటువంటి తొలి పెళ్ళి జరిపించినందుకు వీరేశలింగంగారిని, ఆయన వెంట నిలిచినవారిని నాటి సంఘం వెలివేసినది.