కారు కడగడంలో కెమిస్ట్రీ

మన వసతి గృహంలో ఎవరికీ కారు లేదు. మరి కారు కడగడం మీద వ్యాసం ఎందుకని జూనియర్ తమ్ముళ్లు అడగవచ్చు. కర్మన్‌ఘాట్, చంపాపేట, సరూర్‌నగర్ కాలనీల్లో తెల్లవారుజామున బకెట్టు పట్టుకుని కార్లు తుడిచేవారిలో మన తండ్రులున్నారు, అన్నలున్నారు. మనలోనే కొందరు సెలవుల్లో ఆ పని చేసి పరీక్ష ఫీజు కట్టుకున్నారు. ఆ పనిలో కారు మీద ఒక్క గీత కనబడితే చాలు, ముందు తిట్లు, తర్వాత జీతంలో కోత. గీత ఎలా పడుతుందో తెలిసినవాడు పడకుండా చూసుకోగలడు. తనవల్ల పడని గీతను తనవల్ల కాదని ధైర్యంగా చెప్పనూగలడు. అందుకే మనం పుస్తకాల్లో చదువుకున్న క్షారాలు, కఠిన జలం, ఖనిజాల పాఠాలను ఈసారి కారు మీద పెట్టి చూద్దాం.

రంగు మందం ఎంత?

కారుకు కనిపించేది ఒక్క రంగే అయినా దాని కింద చాలా పొరలుంటాయి. ఉక్కు రేకు తుప్పు పట్టకుండా ముందు ఫాస్ఫేట్ పూత, దానిపై ప్రైమర్, దానిపై రంగు, అన్నిటికన్నా పైన క్లియర్ కోట్ అనే పారదర్శక పూత వేస్తారు. ఇవన్నీ కలిపి సుమారు 100 నుండి 150 మైక్రాన్లు. పై పూత ఒక్కటే సుమారు 40 నుండి 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల వరకు ఉంటుంది. అంటే లక్షల రూపాయల కారు మెరుపంతా వెంట్రుక కన్నా పలుచని పొరలోనే ఉన్నదన్నమాట. మన చేతి గుడ్డ తగిలేది ఆ పొరకే.

దుమ్ము మెత్తనిది కాదు

హైదరాబాదు నేల గ్రానైటు నేల. గ్రానైటులో ముఖ్యమైనవి ఫెల్డ్‌స్పార్, మన ఊళ్లలో పలుగురాయి అని పిలిచే క్వార్ట్జ్. ఖనిజాల గట్టిదనాన్ని పోల్చడానికి 1812లో ఫ్రెడరిక్ మోస్ తయారుచేసిన స్కేలులో ఫెల్డ్‌స్పార్ విలువ 6, క్వార్ట్జ్ విలువ 7. గాజు సుమారు 5.5 మాత్రమే. కారు పూత గాజు కన్నా చాలా మెత్తన. కాబట్టి దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడవడమంటే గరుకు కాగితంతో రుద్దడమే. ఎండలో చూస్తే సాలెగూడులా కనిపించే సన్నని గీతలు చాలావరకు ఇలా వచ్చినవే.

కనుక ఈ క్రింది వరుస పాటించాలి.

1. కారును నీడలో పెట్టి, బానెట్ చల్లారాక మొదలుపెట్టాలి. వేడి రేకు మీద సబ్బునీరు ఎండిపోయి మరకలవుతుంది.
2. ముందు మగ్గుతో నీళ్లు పోసి దుమ్మును జారిపోనివ్వాలి. అప్పటిదాకా గుడ్డ తాకించరాదు.
3. రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదానిలో సబ్బునీరు, రెండోదానిలో గుడ్డ జాడించే మంచినీరు. జాడించకుండా గుడ్డను మళ్లీ సబ్బునీటిలో ముంచరాదు.
4. పైకప్పు నుండి కిందికి రావాలి. ఇసుక ఎక్కువగా ఉండేది కింది భాగంలోనే.
5. చక్రాలకు వేరే గుడ్డ వాడాలి. నేలమీద పడిన గుడ్డను ఉతికేదాకా కారుకు తాకించరాదు.

ఏ సబ్బు మంచిది?

బట్టల సబ్బుపొడిలో సోడియం కార్బొనేట్ ఉంటుంది. అందువల్ల దాని ద్రావణం క్షార గుణం కలిగి ఉంటుంది. అది మురికితోపాటు కారుపై ఉన్న మైనపు పూతను కూడా తీసేస్తుంది. రోజూ వాడితే మన చేతులు పగిలేది కూడా అందుకే. కార్ల కోసం అమ్మే షాంపూల పీహెచ్ విలువ సాధారణంగా 7కు దగ్గరగా ఉంటుంది.

మన దగ్గరున్న సబ్బు ఎలాంటిదో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తెల్లకాగితం మీద పసుపునీళ్లు రాసి ఆరనిచ్చి, దానిపై సబ్బునీటి చుక్క వేయండి. ఎర్రబడితే అది క్షారం. పసుపు సహజ సూచిక అని చదువుకున్నాం కదా!

పసుపు మరక – గీత కాదు

కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి ఆలయానికి కొత్త బండ్లను పూజకు తీసుకువస్తారు. బానెట్ మీద పసుపు, కుంకుమ పెడతారు, కొబ్బరికాయ కొడతారు. మరునాడు కడిగేవాడికి అసలు పరీక్ష మొదలవుతుంది. తెల్లకారు మీది పసుపుకు సబ్బు తగలగానే ఎర్రని మచ్చ వస్తుంది. యజమాని అది చూసి రంగు పాడుచేశావంటాడు. నిజానికి పాడైనదేమీ లేదు. పసుపులోని కర్కుమిన్ అనే పదార్థం క్షారంలో ఎర్రబడింది, అంతే. మంచినీటితో బాగా కడిగితే ఎరుపు తగ్గుతుంది. మిగిలిన పసుపు ఛాయను ఎండ తీసేస్తుంది. ఎందుకంటే కర్కుమిన్ వెలుతురుకు నిలవదు. పసుపు మరకపడిన చొక్కాను మన అమ్మలు ఉతికి ఎండలో వేసేది ఇందుకే. పొడి కుంకుమను మాత్రం రుద్దకూడదు, నీళ్లు పోసి జార్చాలి. కొబ్బరినీళ్లలో చక్కెరలు, లవణాలు ఉంటాయి కాబట్టి వాటిని ఎండిపోకముందే కడగాలి. పక్షి రెట్టలకూ ఇదే నియమం. వాటిలోని యూరిక్ ఆమ్లం ఎండలో పూతను తినేస్తుంది. తడిగుడ్డ కప్పి నానబెట్టి, ఎత్తి తీసేయాలి.

బోరునీరు, తెల్ల మచ్చలు

బోరునీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోవడం మంచిదనీ, వేరే నీరు దొరకనిచోట 600 వరకు అనుమతించవచ్చనీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నీరు ఆవిరైనా లవణాలు కారు మీదనే ఉండిపోతాయి. అవే తెల్ల మచ్చలు. చివరి బకెట్టుకైనా కుళాయి నీరు దొరికితే మంచిది. నగరానికి 2004 నుండి వస్తున్న కృష్ణా నీరు సాధారణంగా బోరునీటి కన్నా మృదువైనది. అది దొరకకపోతే, కడిగిన వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తడి అద్దేయాలి. పాత మచ్చలకు వెనిగర్‌లో అంతే నీరు కలిపి తుడిచి, వెంటనే మంచినీటితో కడగాలి. కరగని కాల్షియం కార్బొనేట్ నీటిలో కరిగే కాల్షియం అసిటేట్‌గా మారి పోతుంది.

వెనిగర్ బలహీన ఆమ్లం కాబట్టి సరిపోయింది. బాత్రూం యాసిడ్ మాత్రం వద్దే వద్దు. అల్లాయ్ చక్రాల్లో ఉండే అల్యూమినియం బలమైన ఆమ్లంతోనూ, బలమైన క్షారంతోనూ చర్య జరుపుతుంది. పైగా యాసిడ్‌ను బ్లీచింగ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

మెరుపు నిలవాలంటే

కొందరు కిరోసిన్, డీజిల్ పూసి మెరిపిస్తారు. ఆ జిడ్డుకు మధ్యాహ్నానికే రెట్టింపు దుమ్ము అంటుకుంటుంది. దానికి బదులు రెండు మూడు నెలలకొకసారి మైనం పూయాలి. బ్రెజిల్ దేశపు ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుండి వచ్చే కార్నౌబా మైనం 82 నుండి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. అందువల్ల మన ఎండకు నిలుస్తుంది. నీళ్లు చల్లితే గుండ్రని బిందువులుగా నిలిస్తే మైనం ఉన్నట్లు, చాపలా పరుచుకుంటే పోయినట్లు గుర్తు. ఇది మనం చదివిన తలతన్యతే.

లోపలి శుభ్రత

ముందు కాళ్ల మ్యాట్లు తీసి దులపాలి. డాష్‌బోర్డు సందుల్లోని దుమ్మును మెత్తని పెయింటు బ్రష్‌తో కిందికి రాల్చి, చివరగా కింద ఊడ్చాలి. స్విచ్‌ల దగ్గర నీళ్లు చల్లకూడదు. బాగా పిండిన గుడ్డే వాడాలి. మెరుపు స్ప్రేలు స్టీరింగ్‌కు, పెడళ్లకు తగలరాదు, జారిపోతాయి. సీటు బెల్టును తేలిక సబ్బుతోనే తుడవాలి. బ్లీచింగ్ దాని దారాలను బలహీనపరుస్తుంది. ఆ బెల్టు ఒక ప్రాణాన్ని పట్టి ఉంచేది. తడిసిన కార్పెట్‌ను తలుపులు తీసి పూర్తిగా ఆరబెట్టాలి, లేదంటే బూజు పట్టి వాసన వస్తుంది. అతినీలలోహిత కిరణాలకు డాష్‌బోర్డు పగులుతుంది కాబట్టి ఎండలో నిలిపినప్పుడు ముందు అద్దానికి అట్ట అడ్డం పెట్టమని యజమానికి చెప్పండి. మూసిన కారు ఎండలో నిమిషాల్లో వేడెక్కుతుంది. మీరు పని చేస్తుండగా పసిపిల్లలు లోపల ఆడుకుంటుంటే ముందు వాళ్లను దించండి.

చివరగా ఒక మాట

కొత్త కారు ఒప్పుకున్న మొదటి రోజు గుడ్డ తడపకముందే, వెలుతురులో యజమానితో కలిసి కారు చుట్టూ ఒకసారి తిరగండి. అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు చూపించి ఒక కాగితం మీద రాసుకోండి. రెండు నిమిషాల పని, నెల జీతాన్ని కాపాడుతుంది. ఏ సబ్బు ఎందుకు వద్దో, ఎర్రమచ్చ ఎందుకు వచ్చిందో రెండు మాటల్లో వివరించండి. కారణం చెప్పగలిగిన మనిషితో మాట్లాడే తీరు మారుతుందని మేము కళ్లారా చూశాం. ఈ వ్యాసాన్ని సెలవులకు ఇంటికి తీసుకువెళ్లి, చదవడం రాని నాన్నకు చదివి వినిపిస్తే మా శ్రమ ఫలించినట్లే.