కనుమ నాడు ముక్కలు పంచుకుందాం, చెల్లీ

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా చెల్లీ, అందుకే పోయిన సంక్రాంతికి పటమటలో మా ఇంట్లో ఆ రోజే రమ్మీ టోర్నమెంటు పెట్టాను. డల్లాస్ నుంచి వచ్చిన మేనల్లుడు పోకర్ ఆడదామన్నాడు. "అత్తా, చేతికి రెండే ముక్కలు వస్తాయి. అవి చూసి ఉండాలో వదలాలో తేల్చుకోవడమే సగం ఆట" అన్నాడు. ఆ సగం మన పదమూడు ముక్కల్లోనూ ఉందిరా, దాన్నే డ్రాప్ అంటాం అని కూర్చోబెట్టాను.

డబ్బు మాత్రం పెట్టలేదు. మా పెదనాన్న పేకాటలో రెండెకరాల మాగాణి పోగొట్టిన రోజు పెద్దమ్మ మొహం నేను చూశాను. ఆ తర్వాత పేక కనబడితే అమ్మ పొయ్యిలో పెట్టేసేది. రమ్మీకి నేర్పు కావాలని, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలని సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టే అంది. ఆ నేర్పు కోసమే ఆడదాం, పందెం వద్దు. గెలిచినవాళ్ళకి కిలో బందరు లడ్డు.

రెండు పేకలు, రెండు జోకర్లు కలిపితే 106 ముక్కలు. ఆరుగురికి పంచితే 78 పోతాయి, మిగిలేవి 28. ఏడో మనిషి కూర్చుంటే 15 మిగులుతాయి, మూలపేక ఇట్టే అయిపోతుంది. మేం పదకొండుమందిమి, కాబట్టి ఒకచోట ఆరుగురు, ఇంకోచోట ఐదుగురు. 101 పూల్, అంటే పాయింట్లు 101కి చేరినవాళ్ళు ఆట నుంచి బయటికి. ఒక్కో జట్టులో చివరిదాకా మిగిలిన ఇద్దరు ఫైనల్‌కి. ఎప్పుడూ మగవాళ్ళు మేడ మీద ఆడుతుంటే మనం కాఫీలు మోసేవాళ్ళం కదా, ఈసారి కాఫీ ఫ్లాస్కులో పోసి పెట్టేసి మేమూ కూర్చున్నాం.

మా తోడికోడలికి మొదటి ఆటలో రాజులు మూడు, రాణులు రెండు, ఆసులు రెండు వచ్చాయి. జోకరు లేదు, వరసగా రెండు ముక్కలైనా లేవు. మూడు రాజులు కలిశాయని మురిసిపోయింది పిచ్చితల్లి. జోకరు లేని సీక్వెన్సు ఒకటి పడితేగానీ ఆ రాజులకి విలువేదమ్మా? ఆ ఏడు ముక్కలే డెబ్భై పాయింట్లు. పక్కావిడ షో కొట్టింది, తనకి ఫుల్ కౌంట్, ఎనభై. మొదటి ముక్క తీయకముందే పడేసి ఉంటే ఇరవైతో పోయేది.

అప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఆటీను ఆరు, ఏడు ఉన్నాయనుకో, ఐదు వచ్చినా ఎనిమిది వచ్చినా కలుస్తుంది. రెండు పేకల్లో అవి నాలుగు ముక్కలు. ఆరు, ఎనిమిది ఉంటే మధ్యలో ఏడే రావాలి, ఉన్నవి రెండే. ఆసు, రాజు పట్టుకున్నా అంతే, రాణి ఒక్కటే దిక్కు. అందుకే బొమ్మల కంటే నడిమి ముక్కల వరస చూసి ఆడాలా వద్దా తేల్చుకో. సీక్వెన్సు ఉంటే సరే. లేకపోతే ఆ ఆరు, ఏడు లాంటి జత ఒకటీ, చేతిలో జోకరు ఒకటీ ఉన్నా ఆడొచ్చు. అవీ లేకపోతే బోర్లా పెట్టెయ్. సున్నా నుంచి వరసగా ఐదుసార్లు వదిలినా నూరే అవుతుంది, ఆటలోనే ఉంటాం.

మనకి వదలడం రాదు చెల్లీ. చేతికొచ్చిందేదైనా సర్దుకుపోవాలనే పెంచారు మనల్ని. అందుకే ఆ "డ్రాప్" అనే మాట మన నోట అంత బరువుగా వస్తుంది.

రెండో ఆటకి తను ముక్కలు చూసి, ఊపిరి పీల్చుకుని, బోర్లా పెట్టి "ఇరవై రాయి అక్కా" అంది. నూరు దగ్గర నిలిచింది. ఇక వదలడానికీ లేదు. మూడో ఆటలో పంచిన ముక్కలు విప్పేసరికి ఇస్పేటు ఐదు, ఆరు, ఏడు పక్కపక్కనే కనబడ్డాయి. నా వైపు చూడలేదు. కొంగు బిగించి ముందుకు జరిగి కూర్చుంది.