అద్దె యంత్రం – అప్పు యంత్రం : ఖాతాల్లో ఏది ఎక్కడ?

వాణిజ్యశాస్త్రం చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు లీజు అధ్యాయం అంటే భయం. ఇంటర్ సి.ఇ.సి.లో తరుగుదల నేర్చుకుంటాం. బి.కాం.లో వాయిదాల కొనుగోలు పద్దులు రాస్తాం. ఎం.కాం.కు వచ్చాక లీజు ప్రమాణం ఎదురవుతుంది. ఈ మూడింటినీ మూడు వేర్వేరు పాఠాలుగా చదవడం వల్లనే కష్టం అనిపిస్తుంది. నిజానికి మూడింటి వెనుకా ఉన్నవి రెండే ప్రశ్నలు. వస్తువు మీద అధికారం ఎవరిది? దాని కోసం కట్టవలసిన డబ్బు అప్పా, కాదా? ఈ రెండూ అర్థమైతే ఇంటర్వ్యూలో జవాబు చెప్పగలం. అంతకన్నా ముఖ్యంగా, మన ఇళ్లలో పెద్దవాళ్లు సంతకాలు పెట్టే కాగితాలు కూడా చదవగలం. కామర్స్ కాని మిత్రులు కూడా చివరిదాకా చదవాలని మనవి.

1. రెండు దారులు

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క సులువుగా ఉండడానికి అనుకున్నవే. రెండు రైస్ మిల్లులు ఉన్నాయి. రెండింటికీ బియ్యంలో రంగు మారిన గింజలను వేరు చేసే సార్టెక్స్ యంత్రం కావాలి. ధర 10,00,000 రూపాయలు. పనిచేసే కాలం 5 సంవత్సరాలు.

మొదటి మిల్లు బ్యాంకులో 10 శాతం వడ్డీకి అప్పు తీసుకుని యంత్రం కొన్నది. అప్పు మూడు సమాన వార్షిక వాయిదాల్లో తీరాలి. రెండో మిల్లు అదే యంత్రాన్ని 3 సంవత్సరాలకు లీజుకు తీసుకున్నది. ఏడాది చివర 3,00,000 చొప్పున అద్దె కట్టి, మూడేళ్ల తర్వాత యంత్రం తిరిగి ఇచ్చేయాలి. మధ్యలో మానుకోవడానికి వీల్లేదు.

2. అప్పు చేసి కొంటే

కొన్న రోజునే యంత్రం మిల్లుది. బ్యాంకుకు ఉన్నది తాకట్టు హక్కు మాత్రమే. చిట్టా పద్దు తేలిక. యంత్రం ఖాతా డెబిట్ 10,00,000. బ్యాంకు రుణం ఖాతా క్రెడిట్ 10,00,000. అంటే ఆస్తి అప్పుల పట్టీలో రెండు వైపులా ఒకేసారి పెరుగుతాయి.

10 శాతం వడ్డీకి మూడు సమాన వాయిదాలంటే ఒక్కొక్కటి 4,02,115 రూపాయలు. అందులో వడ్డీ ఎంత, అసలు ఎంత అన్నది ఇలా విడదీయాలి.

మొదటి సంవత్సరం: వడ్డీ 1,00,000, అసలు 3,02,115, మిగిలిన అప్పు 6,97,885.
రెండో సంవత్సరం: వడ్డీ 69,789, అసలు 3,32,326, మిగిలిన అప్పు 3,65,559.
మూడో సంవత్సరం: వడ్డీ 36,556, అసలు 3,65,559, మిగిలిన అప్పు సున్నా.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. వాయిదా మొత్తం ఖర్చు కాదు. వడ్డీ మాత్రమే లాభనష్టాల ఖాతాకు వెళుతుంది. అసలు కట్టడం అంటే అప్పు తగ్గించుకోవడమే, ఖర్చు కాదు. యంత్రం ఖర్చు తరుగుదల రూపంలో వస్తుంది. సరళరేఖా పద్ధతిలో ఏడాదికి 2,00,000. కాబట్టి మొదటి సంవత్సరం ఖర్చు 2,00,000 తరుగుదల, 1,00,000 వడ్డీ, మొత్తం 3,00,000. జేబులోంచి పోయింది మాత్రం 4,02,115. ఖర్చు వేరు, చెల్లింపు వేరు అన్న మాట ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

3. లీజుకు తీసుకుంటే – పాత పద్ధతి

మన దేశంలో మొదటి లీజింగ్ కంపెనీ 1973లో మద్రాసులో మొదలైంది. లీజుకు ప్రత్యేకంగా అకౌంటింగ్ ప్రమాణం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. అదే ఏ.ఎస్. 19. 2001 ఏప్రిల్ 1 నుంచి అమలైంది.

ఈ ప్రమాణం లీజులను రెండు రకాలుగా విడదీసింది. యంత్రం వల్ల వచ్చే లాభం, కష్టం దాదాపు అంతా లీజుకు తీసుకున్నవారికే చెందితే అది ఫైనాన్స్ లీజు. కాకపోతే ఆపరేటింగ్ లీజు. గుర్తుపట్టడానికి కొన్ని గుర్తులు ఉన్నాయి.

అ) గడువు చివర యాజమాన్యం లీజుకు తీసుకున్నవారికి వస్తుందా?
ఆ) చివర నామమాత్రపు ధరకు కొనుక్కునే అవకాశం ఉందా?
ఇ) యంత్రం పనిచేసే కాలంలో ఎక్కువ భాగం లీజులోనే గడిచిపోతుందా?
ఈ) కట్టబోయే అద్దెల నేటి విలువ యంత్రం ధరకు దాదాపు సమానమా?
ఉ) యంత్రం ఆ ఒక్కరికి తప్ప వేరెవరికీ పనికిరాని రకమా?

ఇలాంటి గుర్తులు ఉంటే ఫైనాన్స్ లీజు అంటారు. అప్పుడు అప్పు చేసి కొన్నట్టే ఆస్తి, అప్పు రెండూ చూపాలి. మన రెండో మిల్లు లీజు 5 ఏళ్లలో 3 ఏళ్లకే. యంత్రం తిరిగి ఇచ్చేయాలి. కాబట్టి ఇది ఆపరేటింగ్ లీజు. పద్దు ఒక్కటే. లీజు అద్దె ఖాతా డెబిట్ 3,00,000. బ్యాంకు ఖాతా క్రెడిట్ 3,00,000. ఆస్తి అప్పుల పట్టీలో ఏమీ కనబడదు.

4. పాత పద్ధతిలో చిక్కు

ఇప్పుడు రెండు మిల్లులను పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి సంవత్సరం ఖర్చు రెండింటికీ 3,00,000. లాభం సమానం. యంత్రం అదే. పని అదే. కానీ ఏడాది చివర మొదటి మిల్లు పట్టీలో 8,00,000 యంత్రం, 6,97,885 అప్పు ఉన్నాయి. రెండో మిల్లు పట్టీలో రెండూ లేవు. సొంత మూలధనం రెండింటికీ 5,00,000 అనుకుంటే, మొదటి మిల్లుకు ప్రతి సొంత రూపాయికీ దాదాపు రూపాయి 40 పైసల అప్పు. రెండో మిల్లు అసలు అప్పే లేనిదిగా కనబడుతుంది.

కానీ రెండో మిల్లు ఇంకా రెండేళ్లపాటు 3,00,000 చొప్పున కట్టి తీరాలి. వరి పండకపోయినా కట్టాలి, మిల్లు మూతపడినా కట్టాలి. కౌలు రైతును చూస్తే ఇది మనకు తెలుస్తుంది. భూమి తనది కాదు, కౌలు బాకీ మాత్రం తనదే. తప్పించుకోవడానికి వీల్లేని చెల్లింపును అప్పు అనకపోతే ఏమనాలి?

ఇది చిన్న విషయం కాదు. విమానాలు, ఓడలు, దుకాణ భవనాలు లీజుకు తీసుకునే పెద్ద కంపెనీలు ఈ పద్ధతిని బాగా వాడుకున్నాయి. లీజు మొత్తం ధరలో ఇంత శాతం దాటితే ఫైనాన్స్ లీజు అని గీత గీస్తే, దానికి కొద్దిగా లోపలే ఉండేలా ఒప్పందం రాయించుకునే అలవాటు అమెరికాలో పెరిగింది. అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణాల మండలి 2016లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో నమోదైన కంపెనీల లీజు చెల్లింపులు సుమారు 3.3 లక్షల కోట్ల డాలర్లు. అందులో 85 శాతానికి పైగా ఆస్తి అప్పుల పట్టీలో లేవు.

5. 2019లో వచ్చిన మార్పు

ఆ మండలి 2016 జనవరిలో ఐ.ఎఫ్.ఆర్.ఎస్. 16 విడుదల చేసింది. దానికి అనుగుణంగా మన దేశంలో ఇండ్ ఏ.ఎస్. 116 వచ్చింది. 2019 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ముఖ్యంగా స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీలు, నికర విలువ 250 కోట్లు, అంతకు మించిన కంపెనీలు దీన్ని పాటించాలి. బ్యాంకుల సంగతి వేరు. చిన్న సంస్థలకు ఇప్పటికీ ఏ.ఎస్. 19 వర్తిస్తుంది. అందుకే రెండూ చదవాలి.

కొత్త ప్రమాణం ప్రకారం లీజుకు తీసుకున్నవారికి ఫైనాన్స్, ఆపరేటింగ్ అన్న తేడా లేదు. లీజుకు ఇచ్చినవారికి మాత్రం ఆ తేడా అలాగే ఉంది. లీజుకు తీసుకున్నవారు మొదటి రోజే రెండు రాయాలి. ఆస్తి వైపు యంత్రాన్ని ‘వాడుకునే హక్కు’. అప్పు వైపు ‘లీజు బాధ్యత’. 12 నెలలు, అంతకు తక్కువ గడువున్న లీజులకూ, తక్కువ విలువ వస్తువుల లీజులకూ మినహాయింపు కోరుకోవచ్చు.

మన మిల్లు చిన్నది కాబట్టి దానికి ఈ ప్రమాణం వర్తించదు. అయినా అర్థం కావడానికి అదే లెక్క చేద్దాం. నేడు 100 రూపాయలు 10 శాతం వడ్డీకి ఇస్తే ఏడాదికి 110 అవుతుంది. అంటే ఏడాది తర్వాత వచ్చే 110కి నేటి విలువ 100. ఇదే పద్ధతిలో మూడేళ్లపాటు ఏడాది చివర కట్టే ఒక్కొక్క రూపాయికీ నేటి విలువ మొత్తం 2.48685. దాన్ని 3,00,000తో గుణిస్తే 7,46,056. పద్దు: వాడుకునే హక్కు ఖాతా డెబిట్ 7,46,056; లీజు బాధ్యత ఖాతా క్రెడిట్ 7,46,056.

ఇక ఆస్తికి మూడేళ్లు తరుగుదల, బాధ్యతకు వడ్డీ.

మొదటి సంవత్సరం: తరుగుదల 2,48,685, వడ్డీ 74,606, మొత్తం ఖర్చు 3,23,291, మిగిలిన బాధ్యత 5,20,662.
రెండో సంవత్సరం: తరుగుదల 2,48,685, వడ్డీ 52,066, మొత్తం ఖర్చు 3,00,751, మిగిలిన బాధ్యత 2,72,728.
మూడో సంవత్సరం: తరుగుదల 2,48,686, వడ్డీ 27,272, మొత్తం ఖర్చు 2,75,958, మిగిలిన బాధ్యత సున్నా.

మూడేళ్ల ఖర్చు కూడితే సరిగ్గా 9,00,000. పాత పద్ధతిలోనూ అంతే. మొత్తం మారలేదు, ఏ ఏడు ఎంత అన్నదే మారింది. మొదట్లో ఎక్కువ, చివర తక్కువ. కానీ దాచిన అప్పు బయటికి వచ్చింది. అదే 5,00,000 మూలధనంతో చూస్తే రెండో మిల్లుకు కూడా మొదటి ఏడాది చివర రూపాయికి రూపాయి 4 పైసల అప్పు ఉంది. ఇండిగో విమానాల్లో చాలా భాగం లీజువే. అలాంటి కంపెనీల ఆపరేటింగ్ లీజుల బాధ్యత 2019-20 ఖాతాల నుంచి అప్పుల వైపు కనబడడం మొదలైంది. అంతకు ముందు అది వెనుక పేజీల వివరణల్లో ఉండేది.

6. మరి ఏది మేలు?

ఖాతాల్లో ఎలా చూపాలి అన్నది ఒక ప్రశ్న, ఏది లాభం అన్నది మరొక ప్రశ్న. చాలామంది పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు. నేటి విలువలో కొన్న మిల్లు ఇచ్చేది 10,00,000. లీజు మిల్లు ఇచ్చేది 7,46,056. తేడా 2,53,944. ఈ తేడా మూడేళ్లలో 10 శాతం చొప్పున పెరిగితే దాదాపు 3,38,000 అవుతుంది. మూడేళ్ల తర్వాత ఆ పాత యంత్రం అంతకన్నా ఎక్కువ విలువ చేసేలా ఉంటే కొనడం మేలు. తక్కువైతే లీజు మేలు. త్వరగా పాతబడే కంప్యూటర్ల వంటివి లీజుకు, ఎక్కువ కాలం నిలిచేవి కొనుగోలుకు అనడానికి కారణం ఇదే. మరమ్మతు ఎవరు చేయించాలి అన్నది కూడా ఒప్పందంలో చూసుకోవాలి.

పన్ను లెక్క ఇంకొకటి. కొన్నవారు ఆదాయపు పన్నులో తరుగుదల, వడ్డీ తగ్గించుకుంటారు. మామూలు యంత్రాలకు తరుగుదల రేటు 15 శాతం, తగ్గుతున్న విలువ మీద. లీజులో తరుగుదల యజమానికి, అద్దె ఖర్చు వాడుకునేవారికి. వాహనాలు లీజుకిచ్చే కంపెనీ తరుగుదల పొందవచ్చని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. కాబట్టి ఖాతాల్లో చూపే లెక్క, పన్ను లెక్క ఒకటి కావని గుర్తుంచుకోవాలి.

7. మన ఇళ్ల సంగతి

మన హాస్టల్లో చదివిన చాలామందిలాగే మా ఇంట్లో కూడా డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదట. మా నాన్న ఫైనాన్స్ మీద ఆటో తీసుకున్నాడు. పూట తిండి తగ్గించుకుని వాయిదాలన్నీ కట్టాడు. ఆటో తనదే అనుకున్నాడు. కొన్నేళ్లకు అమ్మబోతే ఆర్.సి. మీద ఫైనాన్స్ పేరు అలాగే ఉందని బేరం ఆగిపోయింది. వాయిదాలు అయ్యాక ఎన్.ఓ.సి., ఫారం 35 తీసుకుని రవాణా శాఖలో ఆ పేరు తీయించుకోవాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎం.కాం.లో చేరాక ఆ కాగితాలు నేనే చదివి, తిరిగి ఆ పని పూర్తి చేయించాను.

అందుకే చెబుతున్నాను. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న ఫైనాన్స్ కాగితాలు తీసి చూడండి. అందులో రాసింది అప్పా, లీజా, వాయిదాల కొనుగోలా? వస్తువు ఎప్పుడు మనదవుతుంది? వాయిదా తప్పితే ఏం చేస్తారు? వడ్డీ ‘ఫ్లాట్’ అని ఉందా, మిగిలిన అసలు మీదా? 10,00,000కు మూడేళ్లు 10 శాతం ఫ్లాట్ అంటే వడ్డీ 3,00,000. మిగిలిన అసలు మీద అయితే పైన చూసినట్టు 2,06,345. ఏటా కట్టే వాయిదాలతో లెక్కిస్తే ఆ 10 శాతం ఫ్లాట్ నిజానికి 14 శాతం దాటుతుంది. చెప్పే రేటు ఒకటి, కట్టేది ఒకటి.

కంపెనీల ఖాతాలైనా, మన ఇంటి కాగితాలైనా సూత్రం ఒక్కటే. పైన రాసిన పేరు చూసి సరిపెట్టుకోకూడదు. ఎంత కట్టాలి, ఎప్పటిదాకా కట్టాలి, చివరికి మన చేతిలో ఏం మిగులుతుంది అని అడగాలి.

8. అభ్యాసం

రెండో మిల్లు అద్దె 3,00,000 కాక 3,50,000 అయితే లీజు బాధ్యత ఎంత? మొదటి సంవత్సరం వడ్డీ ఎంత? ముందు మీరు చేసి, తర్వాత ఈ జవాబుతో సరిచూసుకోండి: బాధ్యత సుమారు 8,70,398, వడ్డీ సుమారు 87,040. కొనడం మేలా, లీజు మేలా అన్న చివరి లెక్క మీకే వదులుతున్నాను. స్టడీ అవర్‌లో నలుగురూ కూర్చుని చేయండి.

– ఎం.కాం. విద్యార్థి, హాస్టల్ పూర్వ విద్యార్థి